ముందు ఆ ప్లాటినం తీగ తీసెయ్యవే

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "వదినా, నీ మేనకోడలు రొయ్య తొక్కలు కాల్చి నీళ్లలోంచి హైడ్రోజన్ తీస్తుందట" అని నవ్వింది. ఆ తొక్కల బొగ్గుతో ఎలక్ట్రోడ్ చేసి, కరెంటు పెట్టి నీళ్లని విడగొడతావన్నమాట. నాకు మాత్రం రాత్రంతా నిద్రలేదు, సగం సంతోషం, సగం టెన్షన్.

తొక్కలకేం, భీమవరం వైపు ఎన్నయినా దొరుకుతాయి. కడుగు, ఎండబెట్టు, పొడి చెయ్యి, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేసి సున్నం పోగొట్టు (బుసబుసా పొంగుతుంది, పెద్ద బీకరు పెట్టుకో). మిగిలే కైటిన్‌లో (తొక్కలోని అసలు పదార్థం) 7 శాతం దాకా నైట్రోజన్ ఉంటుంది కాబట్టి, బొగ్గు చురుగ్గా పనిచెయ్యడానికి దాన్ని బయటినుంచి కలిపే పని తప్పుతుంది. ఫర్నేస్‌లో 800 డిగ్రీల దగ్గర కాల్చి బొగ్గు చేసే సంగతి నీకు నేను చెప్పాలా.

నేను చెప్పాలనుకున్నది వేరే. పీహెచ్‌డీలో నాది కొబ్బరి చిప్పల బొగ్గు. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ఎలక్ట్రోడ్ ముంచి, ఎదురుగా కౌంటర్‌గా, అంటే సర్క్యూటు పూర్తి చేసే రెండో ఎలక్ట్రోడ్‌గా, ప్లాటినం తీగ పెట్టి, వోల్టేజీని పైకీ కిందకీ మారుస్తూ సైకిళ్లు తిప్పేదాన్ని. మొదటి రోజు ఏమీ లేదు. వెయ్యి సైకిళ్లకి కాస్త మెరుగు, మూడు వేలకి బుడగలే బుడగలు! రికార్డు బుక్కులో "యాక్టివేట్ అవుతోంది" అని రాసి ఎర్ర పెన్నుతో నక్షత్రం కూడా గీశాను, ఇంటికి ఉత్తరం రాసేశాను, మీ తాతయ్య వీధంతా చెప్పుకున్నారు. ఒక సీనియర్ వచ్చి సెల్ కేసి చూసి "కౌంటర్ ఏంటమ్మా?" అన్నాడంతే. కొత్త ఎలక్ట్రోడ్ చేసి, తీగ బదులు గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్లీ తిప్పాను. ఈసారి సెల్‌లో కరెంటే పారలేదు. ఆసిడ్‌లో తీగ కొద్దికొద్దిగా కరిగి, ఆ ప్లాటినమే వచ్చి నా బొగ్గు మీద కూర్చుంది, హైడ్రోజన్ బుడగలు తీసింది అదే, నేనేమో దాన్ని కొబ్బరి చిప్ప గొప్ప అనుకున్నాను. తొమ్మిది నెలలు వృథా! మీ తాతయ్యకి ఏం చెప్పాలో తెలియక ఆ నెల ఉత్తరమే రాయలేదు.

నంబర్ మరీ బాగుందంటే ముందు అనుమానపడవే పిచ్చిదానా. ఆక్సిజన్ వచ్చే ఎలక్ట్రోడ్ వైపు ఇంకా మోసం, ఆ వోల్టేజీలో కార్బన్ తానే ఆక్సిడైజ్ అయి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, ఆ కరెంటు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇంకొకటి, ఇది నా ప్రాణభయం. రంధ్రాల కోసం పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి కాలుస్తావు కదా, ఆ వేడిలో పొటాషియం లోహం ఆవిరై ఫర్నేస్ ట్యూబు చల్లటి కొసన పేరుకోవచ్చు. దాని మీద నీళ్లు పడితే మంటే. అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకుండా ట్యూబు తెరిచావో, మీ నాన్నతో చెప్పి ఇంటికి లాక్కొచ్చేస్తాను.

నా గ్రాఫైట్ కడ్డీ ఇంకా బీరువాలోనే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. మీ మావయ్య ఓసారి పెన్సిల్ ముక్క అనుకుని పారేయబోయారు.

మీ అత్త