గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నప్పుడు

చిన్నీకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు పల్లెటూరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉద్యోగం వచ్చిందని, బాలింతల ఇళ్ళకు వెళ్ళినప్పుడు బీపీ, బరువులతో పాటు వాళ్ళ మనసు సంగతి కూడా కనుక్కోవాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్ళు ఏఎన్‌ఎంగా తిరిగినదాన్ని, నాకు రాని ఆలోచన నీకు మొదటి నెలలోనే వచ్చింది. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా బాలింత మనసు కుంగినదానిలాగే నీరసించి ముడుచుకుపోతుంది. ఆ పరీక్షలు చేయించకుండా జబ్బుకు పేరు పెట్టకు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు వచ్చే ఏడుపు చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. అది దాటితే వదలకు. మనసు బాగోనివాళ్ళు ఫోను చేసి మాట్లాడుకునే సర్కారు సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. స్కూటీలో పెట్రోలు చూసుకో. కుక్కలున్న వీధిలోకి చీకటి పడ్డాక వెళ్ళకు.

ఇక 1991 సంగతి.

ఆ ఏడు వానాకాలంలో ఒక ఇంటికి వెళ్ళాను. అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. రెండో కాన్పు, రెండోసారీ ఆడపిల్లే. నెల దాటింది. నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఉయ్యాలలో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తున్నా లేవలేదు. అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎలా ఉందమ్మా మీ కోడలు?" అని అడిగాను. ఎవరిని అడిగానో చూశావా? "అన్నం సయించదంటుంది, ఒళ్ళంతా మంటలంటుంది. పని ఎగ్గొట్టడానికి వేషాలు" అందావిడ. నేను నవ్వాను. అవును, నవ్వాను. ఐరన్ మాత్రలు లెక్కపెట్టి మంచం మీద పెట్టి, "బంగారంలాంటి బిడ్డ, నువ్విలా ఉంటే పాలు ఎండిపోతాయి, లేచి ఎత్తుకో" అని హితబోధ చేసి బయటపడ్డాను. ఇంకా పదకొండు ఇళ్ళు తిరగాలి. దారిలో చెప్పు తెగి చిరాకుగా కూడా ఉన్నాను. సాకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున ఆమె ఒక్కతే చెరువు గట్టు మీద ఉంటే ఎవరో చూసి ఇంటికి తీసుకొచ్చారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, పుట్టింటికి పంపేశారు. నేను నోరు విప్పలేదు.

పదమూడేళ్ళ తర్వాత బస్టాండులో ఒకావిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఊరి పేరు చెప్పేదాకా నేను పోల్చుకోలేదు. "ఆ రోజు మీరు నన్ను అడుగుతారని చూశానండి. మీరు మా అత్తయ్యను అడిగారు" అంది. గొంతులో కోపం కూడా లేదు. పక్కన బడి సంచితో పొడుగాటి పిల్ల. ఆ ఉయ్యాలలో పిల్లేనా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంతలో వాళ్ళ బస్సు వచ్చింది.

అందుకే చిన్నీ, ముందు అత్తగారిని గుమ్మంలోంచి కదిలించు. మంచినీళ్ళు అడుగు. బిడ్డను చేతికిచ్చి వసారాలో కాసేపు ఆడించమను. ఆవిడ మీద కోపం పెట్టుకోకు, ఆవిడ బాలింతగా ఉన్ననాడు ఆవిడనూ ఎవరూ అడిగి ఉండరు.

కుంగుబాటు అన్న మాట పత్రికల్లో ఉంటుంది. ఆ మంచం మీది మనిషికి తల దిమ్ముగా ఉంటుంది, గుండె దడదడలాడుతుంది, అరికాళ్ళలో మంటలు పుడతాయి. బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటుంది. "బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా?" అని అడుగు. బిడ్డ నిద్రపోయినా తల్లి దూలాలు లెక్కపెడుతూ ఉంటే అక్కడే కూర్చో, లేవకు.

బాలింతల కుంగుబాటు కనిపెట్టడానికి నువ్వు పట్టుకెళ్ళే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987లో వచ్చిందట. అంటే నేను ఆ గుమ్మం తొక్కేనాటికే నాలుగేళ్ళుగా ఉంది, నాకే తెలియదు. పది ప్రశ్నల్లో చివరిది తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. నోరు రాక దాన్ని మింగేస్తావేమోనని నా భయం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామనుకోవడం ఒట్టి అపోహ. అడిగి ఆగు. ఆమె మాట వెతుక్కుంటున్నంతసేపు నువ్వు కాగితం వైపు చూడకు. అవునంటే, మిగతా మార్కులు ఎన్నయినా సరే, ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపించు. రాత్రుళ్ళు అసలు నిద్రే లేకుండా, లేని గొంతులు వింటూ, బిడ్డ గురించి వింత మాటలు మాట్లాడుతుంటే గంట కూడా ఆగవద్దు. తాయెత్తు కడతామంటే వాదించకు, కట్టనిచ్చి ఆటో ఎక్కించు. పాలిచ్చే తల్లికి మనసు జబ్బు మందులు పనికిరావని అడ్డుపడతారు. పనికొచ్చేవి ఉన్నాయి, డాక్టరు చూసి రాస్తారు.

ఇన్ని గడపల దుఃఖం మోసుకొచ్చి ఎక్కడ దించుకుంటావే తల్లీ? నేను మీ పెదనాన్న మీద అరిచి దించుకునేదాన్ని, పాపం. నువ్వేమో అద్దెగదిలో ఒక్కదానివి. బిస్కెట్లతో సరిపెట్టకుండా అన్నం వండుకో, ఆవకాయ పంపుతున్నాను. ఆదివారం ఫోను చేస్తాను. బాగున్నావా అని అడగను. నిద్ర పడుతోందా అని అడుగుతాను. నిజం చెప్పు.

మీ పెద్దమ్మ