భోజనాల దగ్గర జరిగిన వాదన గురించి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్లవాడు పదో తరగతి పరీక్షలు రాసి నెల కూడా తిరగకముందే, వాడిని ఊరవతలి ఆ పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చి తీరాలని భోజనాల దగ్గర నలుగురూ నాలుగు వైపుల నుంచి నిన్ను నిలదీశారనీ, వాళ్ళ మాటల్లో ఏదో తేడా ఉందని తోచినా అది ఎక్కడుందో పట్టుకోలేక చివరికి కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయావనీ రాశావు. ఏ కాలేజీ అన్నది నేను తేల్చను. అది నువ్వూ అల్లుడూ పిల్లవాడూ కలిసి తేల్చుకోవలసిన విషయం. ముప్పై మూడేళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పినవాడిగా, ఆ తేడాను వెతికే పద్ధతి మాత్రం రాస్తాను.

మన తెలుగువాడే అయిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో, బాలురకు సులభంగా బోధపడడం కోసమని మొదటి శ్లోకంలోనే చెప్పుకుని, "తర్కసంగ్రహం" అనే చిన్న పుస్తకం రాశాడు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితులు ఇప్పటికీ అంటుంటారు. ఆ పుస్తకంలో కొండ మీద పొగ కనిపిస్తుంది, కాబట్టి అక్కడ నిప్పు ఉందని ఒకడు అంటాడు. వాడు పైకి పలికినవి రెండు మాటలే అయినా, ఆ రెండింటినీ కలిపి కట్టే మూడో మాట ఒకటి లోపల ఉంది: పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూశాం కదా. దీనికే వ్యాప్తి అని పేరు. ఇంట్లో, బస్సులో, రచ్చబండ దగ్గర జరిగే వాదనల్లో మనుషులు ఈ మూడో మాటను దాదాపుగా ఎప్పుడూ పైకి అనరు, లోపం చాలాసార్లు దాక్కునేది అక్కడే. అందుచేత ఎవరైనా "కాబట్టి" అన్నప్పుడు వెంటనే కాదనకుండా, ఆ "కాబట్టి"కి ముందూ వెనుకా ఉన్న మాటలను కలపడానికి ఏ వాక్యం అవసరమో మనసులో తయారు చేసుకో, తరువాత దాన్ని మెల్లగా పైకి అను.

మీ బావగారి మాటనే తీసుకుందాం. "మావాడు అక్కడ చదివాడు, ర్యాంకు వచ్చింది, కాబట్టి వీణ్ణీ అక్కడే చేర్చండి" అన్నారు. లోపలి మాట ఏమిటి? అక్కడ చేరిన వాళ్ళందరికీ ర్యాంకు వస్తుందని. "అలాగంటారా బావగారూ, చేరిన అందరికీనా?" అని నువ్వు అడిగి ఉంటే ఆయనే తలూపేవారు కారు. బహుశా "అందరికీ కాదు, చాలామందికి" అని సర్దుకునేవారు. అప్పుడు వాదన పోట్లాట కాకుండా ప్రశ్న అవుతుంది: ఎంతమందిలో ఎంతమందికి? ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "అందరికీ" అన్న మాటను పడగొట్టడానికి ఒక్క ఎదురు ఉదాహరణ చాలు, "చాలామందికి" అన్న మాటను ఒక్క ఉదాహరణ కదిలించలేదు. మా మేనమామ రోజుకో కట్ట బీడీలు కాల్చి ఎనభై దాటి బతికాడని చెప్పి పొగాకు హాని చేయదని వాదించేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తారు. పొగ తాగిన ప్రతివాడూ తొందరగా పోతాడని ఏ డాక్టరూ అనలేదు.

పత్రికలో పేజీ నిండా ఫోటోలతో వచ్చే ర్యాంకుల ప్రకటనలో లోపం ఇంకో రకంది. దాన్ని పట్టుకోవడానికి పొగను, నిప్పును తారుమారు చేసి చూడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. ర్యాంకు వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ఆ కాలేజీ వాళ్ళన్నది నిజమే కావచ్చు, కానీ ఆ కాలేజీ వాళ్ళలో ఎక్కువమందికి ర్యాంకు వచ్చిందన్నది పూర్తిగా వేరే మాట. వందల ఫోటోలు వేసినవాళ్ళు వేల మందిని చేర్చుకుని ఉంటే, మిగిలిన వాళ్ళ ఫోటోలు ఏ పేజీలోనూ కనిపించవు. ఈ తారుమారు మన సామెతల్లో కూడా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని నవ్వుకుంటాం. దొంగ భుజాలు తడుముకోవచ్చు గాక, భుజాలు తడుముకున్న ప్రతివాడూ దొంగ ఎలా అవుతాడు? ఈ సంగతి అప్పటికే ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నేనే, ఒకసారి పరీక్ష హాల్లో చెమటలు పట్టి ముఖం పాలిపోయిన కుర్రవాణ్ణి చూసి, వీడు చీటీలు పెట్టుకున్నాడని నిశ్చయించుకుని అందరి ముందూ లేపి జేబులు వెతికాను. వాడికి జ్వరం. తరువాత వాడు నాతో మామూలుగానే మాట్లాడాడు గాని, నేనే వాడి ముఖం సరిగా చూడలేకపోయేవాణ్ణి.

అన్నంభట్టు దగ్గరే నేర్చుకోవలసింది మరొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. నిప్పు ఉన్నా కొన్నిచోట్లే పొగ ఎందుకు వస్తుంది? అక్కడ పచ్చి కట్టెలు ఉన్నాయి కనుక. పొగకు కారణం నిప్పు ఒక్కటే అనుకుంటాం గాని, పచ్చికట్టె అనే మరో సంగతి మన లెక్కలోకి రాకుండా పక్కన కూర్చుని ఉంటుంది. దాన్ని ఉపాధి అంటారు (ఇప్పుడు పొట్టకూటి పనికి వాడే మాట ఇదే అయినా, ఇక్కడ అర్థం వేరు). కాలేజీ విషయంలో పచ్చికట్టె ఏది? చేర్చుకునే ముందే పరీక్ష పెట్టి, చురుకైన పిల్లలను విడదీసి, వాళ్ళను ప్రత్యేకమైన సెక్షన్‌లో పెట్టి, మంచి లెక్చరర్లను వాళ్ళకే ఇచ్చే చోట, ర్యాంకు కాలేజీ వల్ల వచ్చిందా, ఆ పిల్లవాడు అప్పటికే అంతటివాడు కావడం వల్ల వచ్చిందా? రెండూ కొంత కొంత కావచ్చు. కాని మీవాణ్ణి ఏ సెక్షన్‌లో వేస్తారో తెలియకుండా పై సెక్షన్ ఫలితాలను చూపించి వాడి గురించి ఏమీ చెప్పలేం.

"అక్కడ చేరీ ర్యాంకు రాలేదంటే వాడు కష్టపడలేదని అర్థం" అని మీ అత్తగారు అన్నట్టు రాశావు. ఆ మాట చదవగానే నాకు మన పొలంలో బోరు వేయించిన రోజులు గుర్తుకొచ్చాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలబడిన చోట నీళ్ళున్నాయని చెప్పే మనిషిని మీ తాతగారు పిలిపించారు. మొదటి బోరులో నీళ్ళు పడ్డాయి, ఆయన చెయ్యి మంచిదన్నాం. రెండోది మూడు వందల అడుగులు దాటినా దుమ్మే వచ్చింది; అప్పుడాయన, తాను చూపిన చోటికి రెండడుగులు ఎడంగా వేశారనీ, పైగా వర్జ్యంలో మొదలుపెట్టారనీ చెప్పాడు, మేము ఔనని తలలూపాం. నీళ్ళు పడితే ఆయన గొప్ప, పడకపోతే మా పొరపాటు. ఏది జరిగినా ఆయన మాట తప్పు కావడానికి దారే లేదు. ఆయన చూపని చోట్ల ఎవరూ బోరు వేయలేదు కనుక పోల్చి చూడడానికీ వీలు లేకపోయింది. ఎవరి మాటైనా ఏ సందర్భంలోనూ తప్పు కాలేకుండా ఉన్నట్టు కనిపిస్తే, "ఏం జరిగితే మీరు మీ మాట తప్పని ఒప్పుకుంటారు?" అని అడుగు. అత్తగారిని మాత్రం ఇంత సూటిగా అడగవద్దు, "మరి కష్టపడీ రానివాళ్ళు లేరంటారా అత్తయ్యా?" అంటే చాలు.

ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందన్నది కూడా తర్కమే, తప్పు తర్కం కాదు. అయితే అది ఒకే కుండలో, ఒకే నీళ్ళతో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులకు చెల్లుతుంది. మీ బావగారి అబ్బాయీ మీవాడూ ఒకే కుండలోని మెతుకులా అన్నది నీకే తెలియాలి.

మిగిలినవి చిన్నవి. "అక్కడ చేర్చకపోతే ఇంట్లో ఫోను పట్టుకుని చెడిపోతాడు" అన్నప్పుడు మూడో దారి ఉందా అని చూడు, సాధారణంగా ఉంటుంది. "బి.ఏ. చదివినదానివి, నీకేం తెలుసు" అన్నది నీ మాటకు జవాబు కాదు, నీ గురించిన మాట, పట్టించుకోకుండా మళ్ళీ విషయానికి రా. ఏ మాటా నిలబెట్టుకోకుండా నువ్వన్న ప్రతిదాన్నీ ఖండించడమే పనిగా పెట్టుకున్న వాళ్ళ వాదనను న్యాయశాస్త్రం (కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) వితండ అంది. అక్కడ పెరుగు వడ్డించి లేచిపోవడమే మేలు.

ఇక నీ గురించి ఒక మాట, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. వాళ్ళ వాదనలు కుంటివని తేలినంత మాత్రాన వాళ్ళు చెప్పిన కాలేజీ చెడ్డదని రుజువు కాదు. పొగమంచును పొగనుకుని కొండ మీద నిప్పుందని అన్నవాడి హేతువు తప్పే, అయినా ఆ కొండ మీద నిజంగానే నిప్పు ఉండవచ్చు. నీ ఉత్తరంలో నువ్వు కూడా, హాస్టల్లో ఉండి కుంగిపోయిన ఒక పిల్లవాడి సంగతి రాసి, "అందుకే నాకు ఇష్టం లేదు" అన్నావు. మీ బావగారిని అడిగిన ప్రశ్నే నిన్నూ అడుగుకో.

వచ్చే వారం మీరిద్దరూ ఆ కాలేజీకి వెళ్తున్నారు కదా. పదో తరగతిలో మీవాడి స్థాయి మార్కులతోనే రెండేళ్ళ కిందట చేరిన పిల్లలు ఎంతమంది, వాళ్ళను ఏ సెక్షన్‌లో వేశారు, చదువు ముగిశాక వాళ్ళలో ఎంతమంది ఎక్కడ తేలారు, మధ్యలో మానేసి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎందరు అని అడగండి. ఫోటోలు చూపిస్తే మర్యాదగా చూసి, మళ్ళీ అదే ప్రశ్న వేయండి. వాళ్ళేం చెప్పారో, ఏది చెప్పకుండా దాటవేశారో రెండూ నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న