బడుల్లో చేసే కంటి పరీక్షల వల్ల నిజంగా ఉపయోగం ఉందా?

మీ బాబు బడిలో వచ్చే నెల కంటి పరీక్షలు పెడుతున్నారని, "మా వాడు బాగానే చూస్తున్నాడు", ఆరేళ్ళవాడికి అవి అవసరమా అని, అసలు ఇలాంటివాటి వల్ల పిల్లల్లో గుడ్డితనం తగ్గుతుందా అని అడిగారు. నేను ప్రకాశం జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. డాక్టర్‌ని కాదు. కానీ ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ఉపయోగం ఉంది, చాలా ఉంది. అయితే ఆ పరీక్ష ఏటా జరగాలి, ఒకటో తరగతి నుంచే మొదలవ్వాలి, ఒక్కో కన్నూ విడిగా చూడాలి. కంటి డాక్టర్‌కి చూపించమని కార్డు మీద రాసిచ్చాక ఆ పిల్లవాడు ఆసుపత్రికి వెళ్ళాడా లేదా అని అడిగే మనిషి ఒకరుండాలి. వీటిలో ఏది తప్పినా ఫోటోలు మాత్రమే మిగులుతాయి.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం రోజున, అనంతపురంలో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. మొదటి విడత అంతా బడిపిల్లలే, అరవై లక్షలకు పైగా. తెలంగాణలో అంతకు ముందు ఏడాది ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు అన్ని వయసులవాళ్ళకీ. అంతమంది పిల్లల కళ్ళు ఒకేసారి చూడటం మామూలు విషయం కాదు. నా బీరువాలో ఇంగ్లీషు 'E' అక్షరం కార్డు ఒకటి అప్పటినుంచీ ఉంది. ఆ అక్షరాన్ని పైకి, కిందికి, పక్కలకి తిప్పి చూపిస్తే పిల్లవాడు దాని మూడు కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించాలి. చదువు రాని పిల్లలకి కూడా పనికొస్తుంది.

2020లో సంక్రాంతి అయ్యాక రెండో తరగతిలో ఒక పిల్లవాడు చేరాడు. అమ్మానాన్నలు బేల్దారి పనులకి హైదరాబాదులో ఉంటారు, వాణ్ని నాయనమ్మ దగ్గర వదిలి వెళ్ళారు. మాటల్లో చురుకు, ఎక్కాలు గడగడా చెప్పేవాడు. బోర్డు మీదవి కూడా రాసుకునేవాడు. ఎడమ కన్ను మాత్రం అలసిపోయినప్పుడు కాస్త లోపలికి తిరిగేది. కొత్తగా చేరిన ఎవరికైనా నేను ఒకసారి కార్డు పెట్టి చూస్తాను, వాడికీ చూశాను.

వరండాలో గచ్చు మీద ఆరు మీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి నిలబెట్టాను. ఎడమ కన్ను మూసుకోమంటే అన్నీ చకచకా చూపించాడు. కుడి కన్ను మూసుకోమన్నాను. ముందు తల పక్కకి తిప్పాడు, తర్వాత వేళ్ళ సందుల్లోంచి చూడబోయాడు. నేనే వెళ్ళి నా అరచేయి అడ్డం పెట్టి, ఇంకో పిల్లని కార్డు పట్టుకోమన్నాను. వాడు చెయ్యి ఎత్తకుండా నిలబడిపోయాడు. వరసలో ఉన్న పిల్లలు నవ్వారు.

"కార్డు కనపడట్లేదా నాన్నా?"

"ఆ కన్ను చూడదు టీచర్. ఊరికే ఉంటుంది."

ఎంత మామూలుగా అన్నాడో చెప్పలేను. అందరికీ ఒక కన్ను చూస్తుంది, ఇంకోటి ఊరికే ఉంటుంది అనుకున్నాడు వాడు. అలా కాకపోతే ఎలా ఉంటుందో వాడికి తెలియదు కదా. అందుకే "మా వాడు బాగానే చూస్తున్నాడు" అని మీరు రాసిన మాట చదివితే నాకు టెన్షన్ వచ్చింది. ఒక కన్ను బాగుంటే పిల్లవాడు పరిగెత్తుతాడు, బంతి పట్టుకుంటాడు, పుస్తకం చదువుతాడు. రెండో కన్ను సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ నవ్వింది. "మెల్లకన్ను అదృష్టం టీచరమ్మా, వాళ్ళ తాతకీ ఉండేది. పోగొట్టుకుంటామా?" ఈ అదృష్టం మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల ఎంతమంది పిల్లల కళ్ళు పాడయ్యాయో. పసిపిల్లల కంట్లో ఆముదం వేసేవాళ్ళు, ఆకు పసరు పిండేవాళ్ళు, కంట్లో నలక పడితే నాలుకతో తీసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పసరు పిండిన కన్ను పుండు పడి, మానాక నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలిపోతే, అప్పుడు కళ్ళద్దాలు ఏమీ చేయలేవు. ఆ పెద్దావిడతో వాదించలేదు. పోలీసు ఉద్యోగానికి రెండు కళ్ళూ విడివిడిగా చూస్తారమ్మా, నీ మనవడు ఆ దగ్గరే ఆగిపోతాడు అన్నాను. అది పనిచేసింది. వాళ్ళ ఊళ్ళో కానిస్టేబుల్ ఉద్యోగం అంటే అంత గొప్ప.

ఒంగోలు తీసుకెళ్ళాం. ఎడమ కంటికి చార్టులో అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే అందింది, అంటే 6/60. మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి చూడగలిగేది ఈ కన్ను ఆరు మీటర్ల దగ్గరికొస్తే గానీ చూడలేదన్నమాట. కన్ను పైకి బాగానే ఉంది. ఆ కంటికి పవర్ చాలా ఎక్కువ, అక్కడినుంచి వచ్చే బొమ్మ మసకగా ఉంటుంది కాబట్టి మెదడు దాన్ని పక్కన పెట్టేసింది. దీన్నే లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే బాగా దారికొస్తుందని, ఆ వయసు దాటేకొద్దీ కష్టమని డాక్టర్ చెప్పారు. వీడికి అప్పుడు ఏడు. కళ్ళద్దాలు రాశారు, రోజూ కొన్ని గంటలు మంచి కంటికి ప్యాచ్ వేసి, బద్ధకించిన కంటితోనే పని చేయించమన్నారు.

చెప్పినంత తేలిక కాదు అది. బాగా కనపడే కన్ను మూసేస్తే పిల్లవాడికి లోకం మాయమైనట్టే. ఇంట్లో పీకేసేవాడు, ఏడ్చేవాడు. నాయనమ్మకి ప్రాణం ఒప్పేది కాదు. చివరికి ప్యాచ్ బడిలోనే వేద్దామనుకున్నాం. ఉదయం రాగానే వేసేదాన్ని, భోజనం గంటకి తీసేదాన్ని. తోటి పిల్లలు ఏడిపించకుండా వాణ్ని ఆ పూట తరగతి లీడర్‌ని చేశాను. మార్చిలో కరోనాకి బడులు మూసేశారు. అంతా పోయిందనే అనుకున్నాను. కానీ అప్పటికి నాయనమ్మకి పట్టుదల వచ్చింది. రోజూ ప్యాచ్ వేసి, చేట ముందు కూర్చోబెట్టి బియ్యంలో రాళ్ళు ఏరించేది. సన్నటి పని, దగ్గర చూపు పని, కంటికి అంతకన్నా మంచి వ్యాయామం ఏముంటుంది? మళ్ళీ ఒంగోలు వెళ్ళేసరికి ఆ కన్ను మూడు వరుసలు కిందికి దిగింది, 6/18. పూర్తిగా బాగుపడలేదు. కానీ ఇప్పుడది ఊరికే ఉండే కన్ను కాదు. రేపు ఏ కర్రాబిళ్ళో, దీపావళి టపాకాయో మంచి కంటికి తగిలితే వాడు గుడ్డివాడు కాడు.

ఇక్కడ ఒక్క మాట చూడండి. వీడు చేరింది జనవరిలో. పెద్ద కార్యక్రమం అక్టోబరులోనే అయిపోయింది. వలస కుటుంబాల పిల్లలు ఎప్పుడూ ఇలాగే మధ్యలో వస్తారు, మధ్యలో పోతారు. అందుకే కంటి పరీక్ష జాతరలా ఎప్పుడో ఒకసారి వస్తే చాలదంటాను. ఏటా జూన్‌లో హాజరు పట్టీ రాసుకున్నట్టు టీచర్లే చేసుకోవాలి. మాకు ఇంకో పని అంటగడుతున్నారని తోటి టీచర్లు నా మీద విరుచుకుపడతారు, తెలుసు. ఒక్కో పిల్లవాడికి ఐదు నిమిషాలు పట్టదు. బడిలో మొద్దు అని పేరు పడ్డ పిల్లల్లో చాలామందిది చూపు సమస్యే అని నా నమ్మకం, ఎవరు కాదన్నా ఒప్పుకోను.

నమ్మకం అటుంచితే లెక్క కూడా ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లల్ని నాలుగు వేలమందికి పైగా పరీక్షించి, 2002లో ఆ వివరాలు అచ్చువేశారు. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతం కేవలం కళ్ళద్దాలతో సరిపోయేవి. 12 శాతం మా వాడిలాంటి లేజీ ఐ. అంటే ఆపరేషన్లు, పెద్ద ఆసుపత్రులు అక్కర్లేని పనే ఎక్కువ.

కానీ కళ్ళద్దాలు ఇవ్వడం ఒకటి, పెట్టుకోవడం ఇంకొకటి. ఒక ఏడాది మాకొచ్చినవన్నీ ఒకే సైజు, చిన్నపిల్లల ముక్కు మీద నిలవలేదు. ఆడపిల్లల సంగతి ఇంకా బాధ. "కళ్ళజోడు పెడితే రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అని ఎనిమిదేళ్ళ పిల్ల తల్లి నన్ను అడిగింది. తోటి పిల్లలు సోడాబుడ్డి అంటారు. ఫ్రేము పిల్ల నచ్చి ఎంచుకున్నదైతే పెట్టుకుంటుంది, ఇది నేను కళ్ళారా చూశాను.

గుడ్డితనం తగ్గుతుందా అన్నారు కాబట్టి ఇంకో మాట. బడి పరీక్ష అన్నిటికీ సరిపోదు. పుట్టుకతో వచ్చే శుక్లం నెలల వయసులోనే తీయాలి, బడికొచ్చేదాకా ఆగితే ఆలస్యం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాని పుట్టిన మొదటి వారాల్లోనే చూడాలి. రేచీకటి రాకుండా తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళ వరకూ ఇచ్చే విటమిన్ ఏ తొమ్మిది డోసులు అంగన్‌వాడీ వయసు పని. ఫోన్‌లో ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో బిడ్డ నల్లగుడ్డు మధ్య తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, అది కంటి క్యాన్సర్ కావచ్చు.

పట్నం ప్రైవేటు స్కూళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది. అపార్ట్‌మెంట్ల లాంటి భవనాల్లో, ఆటస్థలం లేకుండా, పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకాల్లో ముంచి, సైట్ వచ్చిందంటే తప్పంతా ఫోన్‌దే అంటారు. ఎండ వెలుతురులో ఆడుకునే పిల్లలకి సైట్ రావడం తగ్గుతుందని తేలింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకి 120 నిమిషాలు ఆరుబయట గడిపేలా చూస్తున్నారు. మనకి ఎండకి కొదవా?

ఇక మీ బాబు సంగతి. వచ్చే నెల దాకా ఆగక్కర్లేదు. అట్టముక్క మీద పదిహేడున్నర మిల్లీమీటర్ల ఎత్తున ఇంగ్లీషు 'E' అక్షరం నల్లగా, లావుగా గీయండి. అది ఆరు మీటర్ల దగ్గర 6/12 వరుసతో సమానం. డాబా మీద మంచి వెలుతురులో బాబుని అట్టకి ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను మీరే అరచేత్తో మూయండి, వేళ్ళతో వద్దు, నొక్కొద్దు. అట్టని ప్రతిసారీ వేరే వైపు తిప్పండి, లేకపోతే బట్టీపట్టి చెప్పేస్తారు. రెండు కళ్ళకీ తేడా కనపడితే, ఏ కన్నైనా తడబడితే, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, కళ్ళజోళ్ళ షాపులో మిషన్ మీద చూపించి సరిపెట్టుకోకండి. పిల్లలకి చుక్కల మందు వేసి చూస్తేనే అసలు పవర్ తెలుస్తుంది, వేసి చూడమని మీరే అడగండి. మందు వేశాక కనీసం ఆ రోజంతా దగ్గరవి మసకగా ఉంటాయి, హోంవర్క్‌కి కూర్చోబెట్టకండి.