‘లెకుక్’ అన్నచోటల్లా వంపు కాదు

తమ్ముడూ,

నీ అనువాదం చదివాను. ఇండొనేషియన్ మూలంలో ‘లెకుక్’ కనిపించిన ప్రతిచోటా ‘వంపు’ అని రాశావు. ‘లెకుక్ తుబుహ్’ దగ్గర అది కుదిరింది. అవి ఒంటి వంపులే. కానీ బండ మీద వాననీళ్లు నిలిచిన లెకుక్ కూడా వంపైపోయేసరికి బొమ్మ చెడిపోయింది. అక్కడ గుంట అనాలి.

ఈ మాట పట్టంతా లోపలికి దిగడంలో ఉంది. చదునుగా ఉన్నది ఒకచోట లోనికి పోతే లెకుక్. విల్లులా ఒకే ఊపున వంగితే వాళ్లకు ‘లెంకుంగ్’ అనే వేరే మాట ఉంది. దారి మలుపు ‘లికు’. కాబట్టి ముందు వాక్యంలో ఏది లోపలికి దిగిందో చూడు. దిగితే గుంట, పల్లం, సొట్ట, నొక్కు, లేదంటేనే వంపు.

మన మాటల్లో దీనికి బాగా దగ్గరది నొక్కు అని నా నమ్మకం. గిన్నెకు పడేదీ నొక్కే, జుట్టులో ఉండేవీ నొక్కులే. లోతూ వంపూ రెండూ అందులో ఇమిడాయి. అయితే దీన్ని తిరగేసి వాడకు. నొక్కుల జుట్టు వాళ్లకు ‘ఇకల్’, లెకుక్ కాదు. మనం చెంబుకీ చెంపకీ సొట్ట అనే అంటాం. అక్కడ బుగ్గ సొట్ట ‘లెసుంగ్ పిపిత్’. లెసుంగ్ అంటే రోలు, ఎంత అందమైన చూపో! కారుకు పడిన సొట్ట ఇండొనేషియాలో ‘పెన్యోక్’.

జంటపదాలను ముక్కలు చేసి అనువదించకు. ‘లెకక్-లెకుక్’ అచ్చు మార్చి రెట్టించిన మాట, మన ఎగుడుదిగుడు. బతుకు గురించి ‘లికా-లికు’ అంటే ఒడుదొడుకులు అను, సరిపోతుంది.

‘లుక్’ కనిపిస్తే అచ్చుతప్పనుకుని లెకుక్‌గా దిద్దకు. జావా కెరిస్ బాకు అలుగులో ఒక్కో వంకీ పేరు లుక్. మొదలు నుంచి మొన దాకా రెండు వైపులవీ కలిపి లెక్కపెడతారు, సంప్రదాయం ప్రకారం బేసి సంఖ్యే వస్తుంది: 3, 5, 7, అలా 13 వరకు. అంతకు మించితే ‘కలవిజా’ అని వేరే వర్గం. పన్నెండు వంకీల కెరిస్ అని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. వంకీలే లేని తిన్నని కెరిస్‌లు కూడా ఉన్నాయని మరవకు.

ఇక పలుకుబడి. 1972 నుంచి ఇండొనేషియా, మలేషియాలది దాదాపు ఒకే వర్ణక్రమం. అందులో ఒకే అక్షరం ‘ఎ’నీ, తెలుగులో లేని పొట్టి అచ్చునీ రెంటినీ సూచిస్తుంది. లెకుక్‌లో ఉన్నది ఆ రెండోది. చివరి ‘క్’ గొంతులోనే ఆగిపోతుంది. మొదటిసారి వచ్చినచోట ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పు. తర్వాతి పేజీల్లో తెలుగు మాటే ఉండనీ.

ఆశీస్సులతో,
అన్నయ్య