బ్రేక్ తర్వాత కాప్షన్లు లేటవుతుంటే

మీ పొందూరు ఖద్దరు వీడియోలో కాప్షన్లు (మాటలు, చప్పుళ్లు తెర మీద అక్షరాల్లో) లేటవుతున్నాయని అమెరికా డిస్ట్రిబ్యూటర్ తిప్పి పంపారన్నారు కదా. కారణం ఇది: మీ కాప్షన్ ఫైలు టీవీ కాపీకి చేసింది. వెబ్‌లో పెట్టిందేమో యాడ్ బ్రేకులు తీసేసిన కాపీ. మొదటి బ్రేక్ దాకా బాగానే వచ్చి, తర్వాత ఒక్కసారిగా లేటవుతున్నాయన్నారు, గుర్తు అదే. మొదటి నిమిషం నుంచే కొంచెం కొంచెంగా జారితే అది ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) గొడవ. మీది అది కాదు.

1. సబ్‌టైటిల్ ఎడిట్‌లో (కాప్షన్లు సరిచేసే సాఫ్ట్‌వేర్) వెబ్ కాపీని, ఎస్సార్టీ ఫైలుని, అంటే మీ కాప్షన్ ఫైలుని తెరవండి.

2. బ్రేక్ తర్వాత మొదటి లైను పట్టుకోండి. అక్కడి నుంచి చివరిదాకా మాత్రమే, బ్రేక్ ఎంతసేపుందో అంత టైం తగ్గించండి.

3. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. రెండో బ్రేక్ దగ్గర మళ్లీ ఆ బ్రేక్ ఎంతసేపుందో అంత తేడా వస్తుంది, దాన్ని విడిగా తగ్గించాలి. బొబ్బిలి వీణ వీడియోకి నేనూ ఒక్కసారే జరిపి పంపేశాను. పనస మొద్దు మీద ఉలి పడుతుంటే రావాల్సిన "ఉలి చప్పుడు", వీణ మోగుతుంటే వచ్చింది! చివరి బ్రేక్ తర్వాత రెండు నిమిషాలైనా చూసి పంపండి.

అమెరికా డిస్ట్రిబ్యూటర్ తిప్పి పంపడం చాదస్తం కాదు. అక్కడ టీవీలో కాప్షన్లతో వచ్చిన ప్రోగ్రాం నెట్‌లో పెడితే, కాప్షన్ల నాణ్యత టీవీలో కంటే తగ్గకూడదని ఎఫ్‌సీసీ (అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ) రూలు. టైం తప్పినా లోపమే. మీ తెలుగు వెర్షన్ అక్కడ టీవీలో కాప్షన్లతో రాకపోతే దానికి టెన్షన్ వద్దు, టీవీ కాప్షన్ల రూలు ఇంగ్లీషు, స్పానిష్ ప్రోగ్రాములకే.