గ్రౌండ్ స్టేషన్‌లో ఎస్‌డీఎన్, క్లౌడ్ నిజంగా ఎక్కడ పనికొస్తాయి?

భీమవరంలో బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నానని, శాటిలైట్ గ్రౌండ్ స్టేషన్లలో (ఉపగ్రహాలతో యాంటెన్నా ద్వారా మాట్లాడే నేల మీది కేంద్రాల్లో) ఎస్‌డీఎన్ (సాఫ్ట్‌వేర్‌తో ఒకచోట నుంచి నడిపే నెట్‌వర్క్), క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లు) నిజంగా వాడతారా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. వాడతారండి. నేను కొన్నేళ్లు చేసింది ఆ పనే.

మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. ఎస్‌డీఎన్ నా బుర్రకెక్కింది కాలవల వల్లే. ఏ లాకు దగ్గరి లస్కరు (కాలవ నీరు వదిలే పనివాడు) ఆ లాకు తలుపులు తనకు తోచినట్టు ఎత్తుకుంటూ పోతే శివారు పొలాలకు నీరందదు. ఎవరికి ఎంత వదలాలో పైన ఒకచోట లెక్క కడతారు, లస్కరు ఆ లెక్క ప్రకారం తలుపెత్తుతాడు. మామూలు నెట్‌వర్కులో ప్రతి రౌటరూ తన దారి తనే వెతుక్కుంటుంది. ఎస్‌డీఎన్‌లో ఆ నిర్ణయం కంట్రోలర్ అనే ఒక సాఫ్ట్‌వేర్‌ది, స్విచ్‌లు అది చెప్పిన దారిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపుతాయి, అంతే.

ఉపగ్రహం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి మాకు ఇది ముఖ్యం. 500 కి.మీ. ఎత్తులో అది సెకనుకు సుమారు 7.6 కి.మీ. పోతుంది. ఒక యాంటెన్నాకు కనిపించేది మహా అయితే పది పన్నెండు నిమిషాలు. దాన్నే పాస్ అంటాం.

మొదట్లో ఒక పాస్ పోగొట్టుకున్నాం. యాంటెన్నా నుంచి మా సర్వర్లకు రెండు లైన్లున్నాయి. మొదటిది పూర్తిగా తెగితే రెండోదానికి మారిపోయేది. కానీ తెగలేదు, ప్యాకెట్లు జారిపోతున్నాయి. రౌటర్లకు అవతలి నుంచి హలో సందేశాలు (‘నేనున్నాను’ అని చెప్పే చిన్న ప్యాకెట్లు) అందుతూనే ఉన్నాయి కనుక లైను బాగుందనే అనుకున్నాయి. మేం లాగిన్ అయి దారి మార్చేసరికి ఏడో నిమిషం. ఉపగ్రహం దిగిపోతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతే కంట్రోలర్ పెట్టుకున్నాం. పాస్‌ల టైంటేబుల్ దానికి తెలుసు. పది నిమిషాల ముందే రెండు లైన్ల మీదా అసలు లోడుతో పరీక్ష పెట్టి, బాగున్నదాన్ని ఆ పాస్‌కు కేటాయిస్తుంది. ఉపగ్రహానికి పంపే కమాండ్లు, అది తన స్థితి చెబుతూ పంపే టెలిమెట్రీ ముందు. ఇమేజ్ డేటాను స్టేషన్‌లోనే డిస్కులో రాసుకుని తర్వాత నింపాదిగా పంపవచ్చు. నన్నడిగితే ఎస్‌డీఎన్ వల్ల అసలు లాభం ఏది ముందు, ఏది తర్వాత అన్న ఈ వరుసే.

క్లౌడ్ సంగతి. అమెజాన్ 2019 నుంచి యాంటెన్నా సమయాన్ని నిమిషాల లెక్కన అద్దెకిస్తోంది. సొంత డిష్ లేని చిన్న టీములకు అది వరం. సిగ్నల్‌ను డేటాగా మార్చే మోడెమ్ కూడా క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేరే, పాస్ ముందు లేపి, అయ్యాక ఆపేస్తాం. అయితే ఒకటి గుర్తుంచుకోండి. 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న సిగ్నల్‌ను 8 బిట్ల ఐ, క్యూ శాంపిళ్లుగా (సిగ్నల్‌ను యథాతథంగా కొలిచిన జంట అంకెలుగా) మార్చి క్లౌడ్‌కు పంపాలంటే సెకనుకు దాదాపు 2 గిగాబిట్లు కావాలి. స్టేషన్ నుంచి అంత లైను లేకపోతే డీమాడ్యులేషన్ (సిగ్నల్‌లోంచి డేటా తీసే పని) యాంటెన్నా పక్కనే చేయించండి. అన్నిటినీ క్లౌడ్‌లోకి ఎత్తాలన్న పంతం వద్దు.

2022 జూలై వరదప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధిలోకి నీళ్లొచ్చాయి, అమ్మానాన్నలను తీసుకుని అమలాపురం బంధువులింటికి చేరాం. కరెంటు లేదు, ఫైబర్ లేదు, ఫోన్ సిగ్నల్ మాత్రం వచ్చిపోతోంది. ఆ వారం డ్యూటీ నాదే. షెడ్యూలు, కంట్రోలర్, మోడెమ్ అన్నీ క్లౌడ్‌లో ఉండటంతో పాస్‌లు వాటంతటవే నడిచాయి, నేను ఫోన్‌లో టెలిమెట్రీ చూసుకున్నానంతే. మబ్బు పట్టిన ఆ రోజుల్లో మామూలు కెమెరాకు లంకలు కనపడవు, రాడార్ ఉపగ్రహానికే కనపడతాయి. ఏ ఊరు మునిగిందో చెప్పే బొమ్మ పొద్దున్నే అందడానికీ సాయంత్రం అందడానికీ తేడా ఎంతో ఆ నీళ్లలో నిలబడి చూశాను.

మీరు మొదలుపెట్టడానికి రెండు పనులు. ఒకటి, ఒక చవక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్), 53 సెం.మీ. కడ్డీలు రెండింటితో వీ ఆకారపు యాంటెన్నా, సిగ్నల్‌ను బొమ్మగా మార్చే శాట్‌డంప్ సాఫ్ట్‌వేర్. వీటితో 137 మెగాహెర్ట్జ్ దగ్గర రష్యా వారి మెటియోర్ వాతావరణ ఉపగ్రహాలను పట్టండి. మా కోనసీమలో కొబ్బరిచెట్లు అడ్డం, మీకు రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు దిక్కులూ ఖాళీ. పాస్ అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

రెండోది, ల్యాప్‌టాప్‌లో మినీనెట్ (ఒకే కంప్యూటర్‌లో ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని రెండు దారులు కట్టండి. ఒకదాన్ని తెంపకండి, నూటికి ఐదు ప్యాకెట్లు పోయేలా చేయండి. మీ కంట్రోలర్ దాన్ని పసిగట్టి దారి మార్చడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.