సమాధానం: మీ అమ్మగారి ఎర్ర రక్తకణాలు ఎందుకు పెద్దవయ్యాయి

నల్లగొండలో చేయించిన పరీక్షలో మీ అమ్మగారి ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 114 వచ్చిందని, ఐరన్ మాత్రలు వాడినా నీరసం తగ్గలేదని రాశారు. ఎంసీవీ సాధారణంగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు ఉంటుంది; ఐరన్ లోపంలో కణాలు చిన్నవవుతాయి కనుక ఇక్కడ కారణం వేరే ఉండాలి. విటమిన్ బీ12 గానీ ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్‌గా దొరికే మరో బీ విటమిన్) గానీ తగ్గినప్పుడు, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జలో డీఎన్ఏ తయారీ మందగించి, కణం పెరుగుతున్నా సకాలంలో విభజన చెందలేక, పెద్దదిగానే రక్తంలోకి వస్తుంది. ఆమె మాంసం, గుడ్లు ముట్టరని, షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని కూడా రాశారు; ఈ రెండూ బీ12ను తగ్గించగలవు. థైరాయిడ్, కాలేయ జబ్బుల వల్లా ఇలా కావచ్చు కనుక ఆ పరీక్షల గురించీ డాక్టరుగారిని అడగండి. బీ12 పరీక్ష చేయించకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మాత్రం దయచేసి మొదలుపెట్టవద్దు. దానితో రక్తం మెరుగైనట్లు కనిపించినా, బీ12 లోపం వల్ల నరాల నష్టం లోలోపల సాగిపోవచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే ఈ వారమే చూపించండి.